తొమ్మిది రోజుల సంతకం

జహీరాబాద్,
జూన్ 9, 2025.

శారద మేడమ్‌కు చందర్ నమస్తే.

ఫోన్ చేస్తే "ఒరేయ్, మెల్లగా మాట్లాడు, చెవి పగులుతోంది" అని పెట్టేస్తారు. అందుకే ఉత్తరం. కాగితం మీద ఎంత అరిచినా మీరు చివరిదాకా వినాల్సిందే.

నిన్న మాకు క్లాసు పెట్టారు. రాత్రి డ్యూటీ దిగినవాళ్లను పొద్దున్నే ఇంటికి పోనియ్యకుండా క్యాంటీన్‌లో కూర్చోబెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒకాయన చెంపకు మైకు తగిలించుకుని గంటన్నర సేపు నిబద్ధత గురించి చెప్పాడు. ఆయన "నా ఆసుపత్రి" అనాలి, మేము "నా కుటుంబం" అనాలి, అని మూడు చప్పట్లు కొట్టాలి. పన్నెండు గంటలు నిలబడ్డ నర్సులతో చప్పట్లు! ఇది దోపిడీ కాకపోతే మరేమిటి? వెనక వరుసలో మన బస్వమ్మక్క నా చెవిలో, "చప్పట్లు కొడితే మోకాళ్ల నొప్పులు పోతయా బిడ్డా?" అంది. వరుసంతా నవ్వింది. మేనేజర్ విష్ణువర్ధన్ మా వైపు ఎట్లా చూశాడో మీరు ఊహించుకోగలరు. ఆయన మీ తర్వాత వచ్చిన మనిషే అయినా, అటువంటి చూపులు మీ కాలంలోనూ ఉండే ఉంటాయి.

హాల్లో మీ ఫోటో ఇంకా ఉంది. శాలువా కప్పుకున్న ఫోటో. కింద బంగారు రంగు అక్షరాలు: "పందొమ్మిది సంవత్సరాలు. ఒక్క సెలవు లేదు." దాని కింద ఇప్పుడు కొత్తగా ఒక చార్టు వేలాడదీశారు. సెలవు పెట్టని వాళ్ల పేరు ఎదురుగా నెలకో నక్షత్రం అంటిస్తారు. చిన్నపిల్లల బడిలోలాగా. జ్వరంతో వణుకుతూ వార్డుకు వచ్చిన పిల్లకు నక్షత్రం. ఆ జ్వరం అంటుకున్న రోగికి ఏమీ లేదు. నక్షత్రాలతో చేసే దోపిడీ గురించి ఫ్యాక్టరీ గేటు దగ్గర పంచే కరపత్రాల్లో కూడా నేను చదవలేదు.

అసలు విషయం ఇది. బస్వమ్మక్క చిన్న కూతురు హుమ్నాబాద్‌లో తొమ్మిదో నెల గర్భంతో ఉంది. బీపీ పెరిగిందని అక్కడి డాక్టరమ్మ తల్లిని రమ్మని కబురు పంపింది. ఇరవై ఒక్క ఏళ్లుగా ఈ ఆసుపత్రిలో ఆయాగా చేస్తున్న మనిషి, పది రోజులు సెలవు అడిగింది. నేను పక్కనే ఉన్నాను. విష్ణువర్ధన్ ఏమన్నాడో ఆయన మాటల్లోనే రాస్తున్నాను:

"బస్వమ్మా, ఆ ఫోటో దిక్కు సూడు. పందొమ్మిదేండ్లు! ఆమెకు ఇల్లు లేకుండెనా? పిల్లలు లేకుండెనా? పోయి ఆమె ముంగట నిలవడి, అప్పుడు అడుగు నన్ను సెలవు."

బస్వమ్మక్క నిజంగానే పోయి మీ ఫోటో ముందు నిలబడింది. కాసేపు చూసింది. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు. నాకైతే ఒళ్లు మండిపోయింది.

మేడమ్, నాకు సూది పట్టడం నేర్పింది మీరు. మీ పేరును కర్రలాగా పట్టుకుని వీళ్లు ఆమెను కొడుతున్నారు. మీరు ఒక్క ముక్క రాయండి. "నా పేరుతో ఈ దోపిడీ ఆపండి" అని రాస్తే చాలు. మీరు మౌనంగా ఉంటే ఆ దోపిడీలో మీకూ వాటా ఉన్నట్టే. కటువుగా రాశాననుకుంటే అనుకోండి.

మీ చందర్


సామర్లకోట,
జూన్ 19, 2025.

ఒరేయ్ చందర్,

ఆశీస్సులు. నీ ఉత్తరం మా ఆయనకు, అదే మీ అప్పారావు బాబాయికి, చదివి వినిపించాను. "వీడు నర్సా, మైకు సెట్టా?" అన్నారు.

నీ ఉత్తరంలో దోపిడీ అన్న మాట నాలుగుసార్లు వచ్చింది. బస్వమ్మ కూతురి బీపీ ఎంతో మాత్రం ఒక్కసారీ రాయలేదు. నూట నలభయ్యా, నూట అరవయ్యా? కాళ్లకు వాపు ఉందా? తల నొప్పి అంటోందా? నేను నీకు నేర్పింది ముందు అది అడగడం. కోపం తర్వాత.

ఉత్తరం రాయమన్నావు. ఆసుపత్రి వదిలి ఐదేళ్లయింది. బయట కూర్చుని అక్కడి వాళ్లకు నీతులు చెప్పడం నాకు ఇష్టం లేదు. విష్ణువర్ధన్ గారికి ఆయన బాధలు ఆయనకుంటాయి. ఇరవై మంది రోగులకు ఇద్దరు మనుషులున్నప్పుడు ఒకరు వెళ్లిపోతే మిగిలిన ఒక్కరూ ఏమైపోతారు? అదీ ఆలోచించు. మంచం మీద ఉన్నవాడికి నీ కరపత్రం నీళ్లు తాగించదు. బస్వమ్మను నెమ్మదిగా ఇంకోసారి అడగమను. పది కాకపోతే నాలుగు రోజులు అడగమను.

ఆ ఫోటో సంగతి వదిలెయ్. ఎవరో పెట్టారు, ఉంది.

మా అబ్బాయి అనిల్‌కు కాకినాడలో ఉద్యోగం దొరికింది. ఎత్తుకు ఎత్తు, లావుకు లావు. ఇక్కడ మామిడిపళ్లు అయిపోవచ్చాయి.

బస్వమ్మ నన్ను గురించి ఏమైనా అందా? ఊరికే అడుగుతున్నాను.

శారద


జహీరాబాద్,
జూలై 14, 2025.

శారద మేడమ్‌కు,

మీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. చింపలేదు. చేతిరాత మీది, అందుకని.

బీపీ అడిగారు కదా, రాసుకోండి: నూట డెబ్బై, నూట పది. కాళ్లకే కాదు, మొహానికీ వాపు. మీరు చెప్పినట్టే బస్వమ్మక్క రెండోసారి అడిగింది. నాలుగు రోజులే అడిగింది. మేనేజర్ తల కూడా ఎత్తలేదు. సాయంత్రం ఆమె తన మంచాలన్నీ సహస్ర సిస్టర్‌కు ఒక్కొక్కటీ చూపించి, నెలల తరబడి వార్డులోనే ఉన్న రేవణసిద్ధప్ప తాతకు ఒళ్లు తుడిచి, హుమ్నాబాద్ బస్సెక్కింది. మంచాలు గాలికి వదిలేసి పోలేదు. ఇది గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే వాళ్లు వేరేగా రాశారు.

ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. ఆరు రోజులు గాజుపెట్టెలో పెట్టారు. తల్లీ బిడ్డా బతికారు. పక్కన బస్వమ్మక్క లేకపోతే, పిల్ల మొహంలో తేడా కనిపెట్టి నర్సును పిలిచేవాళ్లు ఎవరూ లేరట. అల్లుడు బయట బీడీ కాలుస్తున్నాడు.

పదకొండు రోజుల తర్వాత తిరిగి వచ్చింది. వేలి మిషన్ మీద బొటనవేలు పెట్టింది. మిషన్ ఎర్రలైటు వేసింది. చీర కొంగుకు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపు. "నా ఏలు అరిగిపోయిందేమో బిడ్డా, ఫినాయిలు నీళ్లకు" అని నవ్వింది. అరిగిపోలేదు. ఆమె పేరే తీసేశారు. చేతికి ఒక కాగితం ఇచ్చారు. చదవడం రాదు కాబట్టి నాకిచ్చింది. నడవలో అందరి ముందూ గట్టిగా చదివాను: "సంస్థ పట్ల నిబద్ధత లోపించినందున విచారణ ముగిసే వరకు విధులకు దూరంగా ఉంచడమైనది."

నిబద్ధత లోపించిందట! ఇరవై ఒక్క ఏళ్లు ఈ ఊరి మలమూత్రాలు ఎత్తిన మనిషికి! కరోనాలో శవాలను గుడ్డలో చుట్టింది ఎవరు, ఆ మైకు పెట్టుకున్నాయనా? అప్పుడు ఈ విష్ణువర్ధన్ ఎక్కడున్నాడు? రోజూ పొద్దున చిరాగ్‌పల్లి నుంచి ఆటోలో వచ్చి, గేటు పక్క బెంచీ మీద టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. సాయంత్రం వెళ్లిపోతోంది. రేవణసిద్ధప్ప తాత ఇంకెవరినీ ఒళ్లు తుడవనియ్యడం లేదు. "నా బస్వి ఏడ?" అని మంచం కడ్డీ కొడుతున్నాడు.

మీ ఉత్తరం చూపించాను. మీ మీద నాకున్న కోపం కూడా చెప్పాను. ఆమె నన్నే తిట్టింది.

"శారదమ్మనేమన్న అన్నవంటే నోరు పగులుతది. ఆమె సంగతి నీకేమెరుక?"

"ఏమెరుక కావాలె? పందొమ్మిదేండ్లు సెలవు పెట్టని మా మహాతల్లి, నీకు నాలుగు రోజులు అడుక్కొమ్మని రాసింది."

"పెట్టలే. అవును, పెట్టలే" అని మళ్లీ ఆ నవ్వే నవ్వింది. "గా ముచ్చట మా ఇద్దరికే ఎరుక. నువ్ జర మూస్కో."

ఏమిటి మేడమ్ ఆ ముచ్చట? నేను మూసుకోను. పదిహేను రోజుల్లో విచారణ ఉంది. మీ ఇద్దరి మధ్య ఆమెకు పనికొచ్చేది ఏదైనా ఉంటే, అది మీ దగ్గర దాచుకునే హక్కు మీకు లేదు.

చందర్


సామర్లకోట,
జూలై 22, 2025.

చందర్,

నీ ఉత్తరం వచ్చిన రోజు నేను అన్నం తినలేదు. తల్లీ బిడ్డా బతికారన్న వాక్యం దగ్గర ఆగి ఏడ్చాను. తర్వాత బెంచీ గురించి చదివాను.

రాస్తున్నాను. ఇది నీకు మాత్రమే.

2009 ఆగస్టు. డెంగీ కాలం. వార్డులో మంచాలు చాలక కింద చాపలు వేశాం. సెలవు అడిగినవాళ్లు మళ్లీ రానక్కర్లేదని అప్పటి మేనేజర్ నోటీసు పెట్టాడు. అదే వారం మా అనిల్‌కు జ్వరం. పదేళ్లవాడు. ప్లేట్‌లెట్లు పదిహేను వేలకు పడిపోయాయి. మీ బాబాయి వాణ్ని హైదరాబాద్ తీసుకెళ్లి, అక్కడి నుంచి ఫోన్‌లో మాట్లాడలేక ఏడ్చారు. నేను వేరేవాళ్ల పిల్లలకు సెలైన్ ఎక్కిస్తూ నిలబడ్డాను. వెళ్లే ధైర్యం లేదు. అద్దె ఇల్లు, మీ బాబాయికి అప్పుడు ఫ్యాక్టరీలో పర్మినెంటు కాలేదు.

బస్వమ్మ నా చేతిలో ట్రే లాక్కుంది. "నువ్ పో శారదమ్మా. ఈడ నీ సంతకం నేను సూస్కుంట" అంది. అప్పుడు వేలి మిషన్లు లేవు. హాజరు పుస్తకం నర్సుల గదిలో బల్ల మీద ఉండేది. మేనేజర్ వారానికోసారి వచ్చి సంతకాలు లెక్క చూసుకునేవాడు. బస్వమ్మకు అక్షరం ముక్క రాదని నీకు తెలుసు. నా సంతకాన్ని ముందు పెట్టుకుని, మందుల అట్టపెట్టె వెనక వైపు గీసి గీసి, ముగ్గు నేర్చుకున్నట్టు నేర్చుకుంది. తొమ్మిది రోజులు పెట్టింది. నా మంచాలు మిగతా సిస్టర్లు పంచుకున్నారు. వార్డులో పదకొండు మందికి తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. ఒక్క రోగికీ మందు తప్పలేదు. నేను తిరిగి వచ్చేసరికి పుస్తకంలో తొమ్మిది "శారద"లు ఉన్నాయి. నా సంతకం కంటే అందంగా ఉన్నాయి.

రిటైరయ్యే ముందు ఎవరో పాత పుస్తకాలు తిరగేసి, సెలవే లేదని తేల్చి, శాలువా కప్పారు. వేదిక మీద నేను నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. బస్వమ్మ కింద నిలబడి అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. శాలువా వెచ్చగానే ఉందిరా, అబద్ధం చెప్పను.

ఇప్పుడు చెబితే ఆమెకే ప్రమాదం. దొంగ సంతకం అంటారు. పోలీసులంటారు. అందుకే ఎవరికీ చెప్పకు. విచారణకు ఏం రాయాలో ఆలోచిస్తున్నాను. నాకు కాస్త గడువియ్యి.

శారద


జహీరాబాద్,
ఆగస్టు 6, 2025.

శారద మేడమ్‌కు,

మీరు చెప్పొద్దన్నారు. నేను చెప్పాను.

ఏం జరిగిందో వరసగా రాస్తాను. మధ్యలో నన్ను సమర్థించుకోను.

మీ ఉత్తరం చదివాక నా తల పనిచేయలేదు. ఆ ఫోటో కింద నుంచి రోజుకు పదిసార్లు నడుస్తున్నాను. ప్రతిసారీ ఆ బంగారు అక్షరాలు నన్ను వెక్కిరించాయి. మీరు గడువడిగారు. గడువు అనేది భయపడ్డవాళ్ల మాట అని నేనెప్పుడో ఎక్కడో చదివాను. విచారణకు రెండు రోజుల ముందు ఒక కరపత్రం రాశాను. "పందొమ్మిదేళ్ల అబద్ధం" అని పెద్ద అక్షరాల్లో పేరు పెట్టాను. తొమ్మిది రోజుల కథంతా రాశాను. బస్టాండు దగ్గర నలభై జిరాక్సులు తీయించి, నక్షత్రాల చార్టు మీదే అంటించాను. అందరూ చదువుతారు, అందరూ లేస్తారు అనుకున్నాను. చదివారు. ఒక్కొక్కరూ తల దించుకుని వార్డులోకి పోయారు. సహస్ర సిస్టర్ మాత్రం నా దగ్గరికొచ్చి, "బస్వమ్మక్కను అడిగి రాసినవా?" అంది.

అడగలేదు. మేడమ్, ఆ మాట నాకు తట్టనే లేదు. ఆమె తరఫున రాస్తున్నాను కదా, ఇంక అడగడమేమిటి అన్నట్టున్నాను.

గంటలో ఆమెను ఆఫీసులోకి పిలిచారు. కరపత్రం రాసినవాణ్ని కాబట్టి నన్నూ నిలబెట్టారు. విష్ణువర్ధన్ తెల్లకాగితం, పెన్నూ ఆమె ముందుకు తోశాడు.

"ఏదీ, శారద అని రాయి. రాస్తే నువ్ దొంగ సంతకాలు పెట్టినట్టు. పోలీస్ స్టేషన్ ఈడికెల్లి ఎంత దూరం లేదు. రాయకుంటే ఈ పోరడు అబద్ధాలకోరు. ఏదంటవ్?"

ఆమె పెన్ను వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"నాకు రాయరాదు సార్. నేను ఏలిముద్రదాన్ని."

"మరి గా పేపర్ల గిట్లెందుకు రాసిండు?"

"సిన్న పోరడు. ఏదో పుస్తకాల సదివి ఉంటడు."

ఆయన నవ్వి, డ్రాయర్లోంచి టైపు చేసిన ఇంకో కాగితం తీసి, "అయితే నీ ముద్ర దీని మీద ఎయ్యి, ఇంటికి పో" అన్నాడు. "ఆగక్కా, అదేందో చదవనియ్యి" అని నేను అరిచాను. సెక్యూరిటీ అతను నా భుజం పట్టుకున్నాడు. ఆమె వేసింది. అది రాజీనామా. ఇంటి ఇబ్బందుల వల్ల స్వచ్ఛందంగా మానుకుంటున్నానని ఉంది. ఇక విచారణే లేదు.

బయట బెంచీ మీద ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఎందుకు వేశావని అడిగాను.

"నాకు ఒచ్చేదే ఆమె పేరొక్కటి. ఇంకో అచ్చరం రాదు. వాడు దాన్నే అడిగిండు. ఇస్తనా?" అంది. తర్వాత, "నువ్ మంచోనివే చందర్. కానీ నా ముచ్చట గోడకు అంటించే ముంగట నన్ను పిలువకపోతివి" అంది.

ఆటో ఎక్కి పోయింది. ఆ తర్వాత రావడం లేదు. బెంచీ ఖాళీగా ఉంది. రేవణసిద్ధప్ప తాత కడ్డీ కొట్టడం మానేశాడు.

నా మీద నాకున్న కోపానికి మాటలు లేవు. నా పెట్టెలోని కరపత్రాల్లో ఎక్కడా లేవు.

చందర్


సామర్లకోట,
ఆగస్టు 12, 2025.

చందర్,

నిన్ను తిట్టాలని నాలుగు కాగితాలు పాడు చేశాను. ఇది ఐదోది.

నువ్వు చేసింది తప్పు. నీకంటే పెద్ద తప్పు నాది. నువ్వు అడగకుండా చెప్పావు. నేను పదహారేళ్లుగా, ఎవరూ అడగలేదని చెప్పలేదు. రోగికి ఏం చేశామో అదే రాయాలి, రాయనిది చేయనట్టే అని మీ బ్యాచ్‌కు మొదటి రోజే చెప్పిన దాన్ని నేను. చేయనిది చేసినట్టు రాసి ఉన్న పుస్తకం మీద నిలబడి శాలువా కప్పించుకున్నాను. ఆ శాలువాతో ఇప్పుడు ఆమె మెడ బిగించారు. నాకు ఒళ్లు మండుతోందిరా. ఇన్నాళ్లూ నీ ఉత్తరాలు చూసి నవ్వాను. ఇప్పుడు నేనూ అలాగే రాస్తున్నాను.

కిందిది నేను రాసి సంతకం చేసిన కాగితం నకలు. పద్దెనిమిదో తేదీ సోమవారం, ఓపీ నిండుగా ఉండే వేళ, పదకొండింటికి వస్తాను. హాల్లో నిలబడి నేనే చదువుతాను. నువ్వు నోరు విప్పకు. బస్వమ్మ దగ్గరికి వెళ్లి, ఇది మొత్తం ఆమెకు చదివి వినిపించు. ఆమె వద్దంటే నేను రాను. ముందు ఆమెను అడుగు.

"నేను, శారద, ఈ ఆసుపత్రి మాజీ హెడ్ నర్సును. 2009 ఆగస్టు 11 నుంచి 19 వరకు తొమ్మిది రోజులు నేను విధులకు రాలేదు. నా కొడుకు ప్రాణాపాయంలో ఉన్నాడు. సెలవు అడిగితే ఉద్యోగం పోతుందన్నారు. ఆ తొమ్మిది రోజుల సంతకాలు ఆయా బస్వమ్మ నా కోసం పెట్టింది. వాటి బాధ్యత పూర్తిగా నాది. శిక్ష ఉంటే నాకు. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్క రోగికీ మందు తప్పలేదు. ఒకరి ఇంట్లో ప్రాణం పోతుంటే మిగతా పదకొండు మంది ఆమె పని ఎత్తుకున్నారు. ఈ ఆసుపత్రిలో నేను చూసిన నిబద్ధత అదే. గోడ మీద రాసింది కాదు. ఆ ఫోటో నాది కాబట్టి తీసుకుపోతున్నాను."

అనిల్‌ను వెంట తెస్తున్నాను. వాణ్ని వాళ్లు చూడాలి.

శారద


జహీరాబాద్,
సెప్టెంబర్ 3, 2025.

శారద మేడమ్‌కు,

మీ కాగితం చదివి వినిపిస్తే బస్వమ్మక్క "రమ్మను" అందని ఫోన్‌లో చెప్పాను కదా. మీరు ఫోటో చంకలో పెట్టుకుని అనిల్ అన్నతో బస్సెక్కిన తర్వాత జరిగింది మీకు తెలియదు. అది రాస్తున్నాను.

మీరు హాల్లో చదువుతున్నప్పుడు చీటీల వరుసలో ఉన్న రోగులందరూ విన్నారు కదా. సాయంత్రానికి ఝరాసంగం పోయే ఆటోల్లో కూడా అదే ముచ్చట. రెండో రోజు విష్ణువర్ధన్ పైనున్న పెద్ద డాక్టరు అందరినీ పిలిచాడు. మీ కాగితం ఆయన చేతిలో ఉంది. "ఇందులో ఉన్న పదకొండు మంది ఎవరు?" అని అడిగాడు. సహస్ర సిస్టర్ లేచి, "నేనప్పుడు లేను సార్. ఉంటే పన్నెండో దాన్ని" అంది. తర్వాత వంటావిడ లేచింది. తర్వాత ఎక్స్‌రే ప్రకాశం. తర్వాత లెక్క తప్పిపోయింది. నేను కరపత్రంలో లేవమన్నప్పుడు లేవనివాళ్లు, మేడమ్. నేను నోరు మూసుకుని గోడకు ఆనుకుని చూశాను.

రాజీనామా చింపేశారు. కానీ అంత తేలిగ్గా వదలరు కదా. ఇంకో కాగితం తయారుచేశారు: "అనుమతి లేకుండా పదకొండు రోజులు గైర్హాజరై తప్పు చేశాను, క్షమించగలరు." దాని మీద ముద్ర వేస్తేనే పనిలోకి. ఈసారి నన్ను చదివి చెప్పమంది. చదివాను. నా తరఫు నుంచి ఒక్క మాట కలపలేదు.

"పదకొండు దినాలు పోయిన. అది నిజం" అంది విష్ణువర్ధన్‌తో. "తప్పు అన్న కాడ నా ఏలు పడదు సార్. గది కొట్టెయ్."

"కొట్టేస్తే ఇంకేం మిగుల్తది ఇండ్ల?"

"నేను పోయింది, ఒచ్చింది."

పదినిమిషాలు అట్లాగే నిలబడింది. చివరికి ఆయనే పెన్ను తీసి 'తప్పు చేశాను', 'క్షమించగలరు' అన్న రెండూ కొట్టేశాడు. అప్పుడు వేసింది ముద్ర. ఇరవై ఒక్క ఏళ్ల సీనియారిటీ మాత్రం ఇంకా తేల్చలేదు. ఆ మైకు మనిషి వచ్చే నెల మళ్లీ వస్తాడట. కాబట్టి నా కోపం చల్లారిందనుకోకండి. నక్షత్రాల చార్టు పోయింది, మీ ఫోటో మేకు మిగిలింది. దానికి సహస్ర సిస్టర్ డ్యూటీ చార్టు తగిలించింది. ఎవరు ఎవరి మంచాలు ఎత్తుకోవాలో రాయడానికి చివర్లో ఒక గడి గీసింది. దానికి ఆఫీసు అనుమతి లేదు. తీసి చూడమనండి.

నాకు మెమో ఇచ్చారు. సంస్థ పరువు తీశానట. జవాబు రాశాను: "సంస్థ పరువు నేను తీయలేదు. బస్వమ్మను అడగకుండా ఆమె సంగతి గోడకెక్కించాను. ఆ తప్పుకు ఆమెను క్షమాపణ అడిగాను. మీకు చెప్పాల్సింది ఏమీ లేదు." మూడు రోజులు బయట నిలబెట్టారు. ఆమె బెంచీ మీదే కూర్చున్నాను. మధ్యాహ్నం టిఫిను డబ్బా తెచ్చి నా ఒళ్లో పెట్టి పోయేది.

రేవణసిద్ధప్ప తాత ఆమెను చూడగానే, "ఇన్ని దినాలు ఏడ సచ్చినవే బస్వీ?" అని అరిచాడు. "సెలవు మీద ఉన్న. నీకేం?" అంది.

ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనే ఉంది. శారదమ్మకేనా, నేను కూడా రాస్తనంది. పెన్ను అడిగింది. "నీకు వచ్చేది ఒక్క మాటే కదా అక్కా" అన్నాను. "ఆమెకు రాసెటందుకు గా మాట సాలదా?" అంది.

కింద ఉన్నది ఆమె చేతిరాత.

శారద